రాయనివ్వని చదువు

2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలకు పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో మరణించిన కేసులో వచ్చిన తీర్పు అది. విద్యార్థులు పెద్ద సంఖ్యలో వలస వచ్చే శిక్షణ కేంద్రాలుగా కోర్టు కొన్ని నగరాల పేర్లు ప్రత్యేకంగా చెప్పింది. కోటా, జైపూర్, సీకర్, చెన్నై, ఢిల్లీ, ముంబైలతో పాటు అందులో హైదరాబాద్ కూడా ఉంది. ఆ మాట ముందుగా తగలాల్సిన చోట్లలో దిల్‌సుఖ్‌నగర్ ఒకటి. అక్కణ్నుంచి చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ మీదుగా వనస్థలిపురం వరకు రోడ్డుకు రెండు వైపులా జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పెట్టెతో బస్సు దిగిన పిల్లలకు నగరమంటే తొలి రెండేళ్లు ఈ రోడ్డే.

తీర్పు వచ్చాక చర్చ హాస్టళ్లలో పెట్టాల్సిన సురక్షిత సీలింగ్ ఫ్యాన్ల మీద, కౌన్సెలర్ల మీద నడిచింది. అవీ అవసరమే. కానీ అదే తీర్పులో ఆటలకు, కళలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట కూడా ఉంది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. కళ అంటే యాన్యువల్ డే నాటి సినిమా పాట డ్యాన్సు అనుకునే యాజమాన్యాలకు అది ఇప్పటికే అమలవుతున్నట్టు కనిపించి ఉంటుంది. ఈ సంపాదకీయం హెచ్చరించదలచింది ఆ నిర్లక్ష్యం గురించే. మన నగరంలో ఒక తరం పిల్లలు సొంత వాక్యం ఒక్కటి కూడా రాయకుండా, సొంత బొమ్మ ఒక్కటి కూడా గీయకుండా, చూసినదాని మీద సొంత అభిప్రాయం ఒక్కసారి కూడా నిలబెట్టుకోకుండా పద్దెనిమిదేళ్లు దాటుతున్నారు. ఇది అభిరుచులకు సంబంధించిన చిన్న లోటుగా కనబడవచ్చు. నిజానికిది ప్రాణాలకూ ప్రజాస్వామ్యానికీ సంబంధించిన ముప్పు.

పరీక్షలనే చూడండి. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ముందే సిద్ధంగా ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. అయిదో జవాబు ఉండవచ్చునన్న ఊహకు అక్కడ చోటు లేదు. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో పెద్ద జవాబులు రాయాలి గాని, అవి ముఖ్యమైన ప్రశ్నలుగా గుర్తు పెట్టించి, చూడకుండా అప్పజెప్పించినవి. రికార్డులు, నోట్సులు, స్లిప్ టెస్టులు కలిపితే రెండేళ్లలో ఒక విద్యార్థి వేల పేజీలు నింపుతాడు. ఆ వేల పేజీల్లో తనదైన మాట ఒక్కటీ ఉండదు. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు గీసిన టైంటేబుల్లో ఖాళీగా కూర్చుని ఆలోచించే గంట లేదు. ఆలోచన లేనిదే రాత లేదు.

భాష సంగతి ఇంకా విచారకరం. పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణ చట్టం చేసింది. ఆ చట్టం ఇంటర్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. మార్కులు తేలిగ్గా వస్తాయన్న లెక్కతో కార్పొరేట్ కాలేజీలు పిల్లల్ని సంస్కృతం వైపు మళ్లించడం అందరికీ తెలిసిన రహస్యం. సంస్కృతం మీద ప్రేమతో ఆ దారి పట్టేవారి మీద ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కానీ అక్కడ జరుగుతున్నది భాషాభ్యాసం కాదు, మార్కుల బేరం. ఫలితంగా మన పిల్లల్లో చాలామంది పదిహేనేళ్లకే మాతృభాషలో రాయడం మానేస్తున్నారు. ఇంగ్లిషులో రాసే ధైర్యం అప్పటికింకా రాదు. ఊహలు ఉవ్వెత్తున లేచే ఆ వయసులో, మనసులో మాట పెట్టుకోవడానికి వాళ్లకు ఏ భాషా మిగలదు.

ఇందులోంచి పుట్టే ప్రమాదాలు మూడు. మొదటిది అన్నిటికంటే పెద్దది. బాధను మాటల్లో పెట్టడం నేర్చుకోని పిల్లలు బాధను లోపలే మోస్తారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. అప్పుడు మూల్యాంకనంలో తప్పులు జరిగాయని విచారణ సంఘమే తేల్చింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మరణించిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల సైన్స్ రచయిత కావాలనుకున్నాడు. ఆ సంగతి దేశానికి తెలిసింది అతని చివరి ఉత్తరం వల్లనే. పిల్లలు రాసింది మనం శ్రద్ధగా చదివేది వాళ్లు వెళ్లిపోయాక మాత్రమేనా అని ఈ సమాజం తనను తాను అడగాలి. కథ రాస్తే కుంగుబాటు తీరిపోతుందని ఎవరూ అనడం లేదు. కుంగుబాటుకు వైద్యం కావాలి, అండగా మనుషులు కావాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా కనబడాలి. కానీ ఆ నంబరుకు ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియాలంటే, తనకేమవుతోందో తనకు తాను చెప్పుకోగలగాలి. ఆ అలవాటు రాతతోనో బొమ్మతోనో వస్తుంది. ముందే చదివేవారు ఒకరుంటే ప్రమాదం ముందే తెలుస్తుంది.

రెండోది, ఈ నగరానికి సాక్షులు లేకుండా పోవడం. జగిత్యాల నుంచి వచ్చిన అలిశెట్టి ప్రభాకర్ ఈ నగరంలో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, బొమ్మలు గీస్తూ, ‘సిటీ లైఫ్’ పేరుతో చిన్న చిన్న కవితల్లో హైదరాబాద్ బతుకును పట్టుకున్నాడు. క్షయతో 1993 జనవరిలో కన్నుమూశాడు. అంతకుముందు 1965లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని ఇదే నగరంలో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేతుల మీదుగా ఆవిష్కరింపజేశారు. ఆ కవిత్వం నచ్చినా నచ్చకపోయినా, అప్పటి నగరం మనసులో ఏముందో తెలుసుకోవడానికి అది సాక్ష్యం. మరి ఇప్పటి దిల్‌సుఖ్‌నగర్‌కు సాక్ష్యం ఎక్కడుంది? ఆరుగురు పడుకునే హాస్టల్ గది, ఆదివారం ఔటింగ్ కోసం ఎదురుచూపు, సెక్షన్ మారితే తెగిపోయే స్నేహాలు, ఫీజు కోసం ఊళ్లో అమ్ముడుపోయిన అరెకరం, ర్యాంకు రాని వాడికి ఇంటికి ఫోన్ చేయడానికి పట్టే భయం. ఒక నవలకు సరిపోయే జీవితమంతా అక్కడ ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం వెంకటాద్రి, కోణార్క్ థియేటర్ల దగ్గర బాంబులు పేలినప్పుడు ఆ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్న పిల్లలు చూసింది ఇంకెవరూ చూడలేదు. వాళ్లచేత ఆ రాత్రి గురించి ఒక పేజీ రాయిద్దామని ఏ కాలేజీకైనా తోచిందా?

మూడోది విమర్శ. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థిగా ఒక పోటీ కోసం ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. 1914లో ఆయనే ‘కవిత్వ తత్త్వ విచారము’తో తెలుగులో ఆధునిక విమర్శకు దారి వేశారు. పెద్దల కావ్యం మీద ప్రశ్న వేయవచ్చునన్న తెగువ కాలేజీ రోజుల్లో అబ్బితేనే అలాంటి విమర్శకులు తయారవుతారు. ఇప్పుడు ఆ స్థానంలో ఏముంది? శుక్రవారం ఉదయం మొదటి ఆట చూసి, మధ్యాహ్నానికల్లా అయిదుకు ఎన్ని మార్కులో చెప్పేయడం, నచ్చలేదన్నవాణ్ని హీరో అభిమానులు బూతులు తిట్టడం. ఎందుకు నచ్చిందో పది వాక్యాల్లో చెప్పమంటే తడుముకునే పిల్లలు, ఎందుకు ఓటేస్తున్నారో అడిగినా తడుముకుంటారు. సినిమాను పరీక్షించడం రానివాడికి ఎన్నికల ఫ్లెక్సీని పరీక్షించడమూ రాదు.

ఫ్లెక్సీ అంటే గుర్తుకు రావాల్సింది ర్యాంకుల ఫ్లెక్సీ. ఈ రోడ్డు పొడవునా కనబడే కళాఖండం అదొక్కటే. ఒకే విద్యార్థి ఫొటో రెండు మూడు సంస్థల ప్రకటనల్లో కనబడటం, ఎన్ని వందల మంది రాస్తే ఆ ఒక్కటి వచ్చిందో చెప్పకపోవడం, ఆలిండియా ర్యాంకు పెద్ద అక్షరాల్లోనూ ఏ కేటగిరీయో కనిపించనంత చిన్న అక్షరాల్లోనూ ఉండటం మనకు కొత్త కాదు. శిక్షణ కేంద్రాల మోసపూరిత ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేక నియమాలు తేవలసి వచ్చింది. విమర్శ నేర్చిన విద్యార్థి మొట్టమొదట చదివి చీల్చేది తన కాలేజీ గేటు మీది ఫ్లెక్సీనే. విమర్శను నేర్పడానికి యాజమాన్యాలు ఎందుకు ఉత్సాహం చూపవో ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఈ ఖాళీలోకి ఇప్పుడు యంత్రం వచ్చి కూర్చుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక వ్యాసరచన పోటీకి వ్యాసం, కవితల పోటీకి కవిత, పోస్టర్ల పోటీకి పోస్టరు క్షణాల్లో తయారవుతున్నాయి. తనదంటూ రాయడం తెలిసినవాడికి అదొక పనిముట్టు కావచ్చు. ఎన్నడూ రాయనివాడికి అది శాశ్వతంగా గొంతు అరువిచ్చే దుకాణం అవుతుంది. 2025 వసంతంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల కోసం విద్యార్థులు పోరాడినప్పుడు చెట్లు నిజంగానే కూలాయి, విద్యార్థులు నిజంగానే దెబ్బలు తిన్నారు. అయినా యంత్రం గీసిన నెమళ్లు, జింకల బొమ్మలు కొన్ని చెలామణిలోకి రావడంతో వాటిని చూపి మొత్తం ఉద్యమాన్నే శంకించే అవకాశం ప్రభుత్వానికి దొరికింది. విద్యార్థి తన చేత్తో గీసిన వంకరటింకర పోస్టరుకు ఎంత విలువుందో ఆ ఉదంతం చెబుతుంది. అది సొగసుగా లేకపోవచ్చు, దాన్ని అబద్ధమని కొట్టిపారేయడం మాత్రం కుదరదు.

దీనికి వచ్చే మొదటి సమాధానం మనకు తెలుసు. యువ రచయితలు పుట్టుకొస్తూనే ఉన్నారు కదా అంటారు. నిజమే. ‘దండకడియం’ కవితలకు తగుళ్ళ గోపాల్ 2021లో, ‘ఢావ్లో’ కథలకు రమేశ్ కార్తీక్ నాయక్ 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు అందుకున్నారు. డిసెంబరు నెల పుస్తక ప్రదర్శనలో తెలుగు నవలల స్టాళ్ల ముందు పాతికేళ్ల లోపు పిల్లలు గుంపులుగా నిలబడటం సంతోషించదగిన దృశ్యం. అయితే వీళ్లు ఈ చదువుల వల్ల వచ్చినవారు కారు, ఈ చదువుల్ని తప్పించుకుని వచ్చినవారు. గొల్ల కాపరుల జీవితమూ బంజారా తండావే ఈ ఇద్దరికీ వస్తువునూ భాషనూ ఇచ్చాయి. ఆ తండా నుంచి, ఆ మంద వెనక నుంచి వచ్చిన మరో పిల్లవాణ్ని పదహారేళ్లకు తెచ్చి రెండేళ్లు గదిలో పెడితే అతనిలో ఏం మిగులుతుందన్నదే ప్రశ్న. గట్టెక్కిన నలుగుర్ని చూపి మునిగినవాళ్లను లెక్కలో వేయకపోవడం న్యాయం కాదు.

రెండో సమాధానం, పోటీలు పెడుతున్నాం కదా అని. ఏ పోటీలు? ‘మత్తు వద్దు’, ‘స్వచ్ఛత మన బాధ్యత’, ‘నీటి పొదుపు’. విషయాలు మంచివే. కానీ ముగింపు ముందే తెలిసిన వ్యాసంలో విద్యార్థి చేయగలిగింది నినాదాన్ని నాలుగు పేజీలకు సాగదీయడమే. ‘మా హాస్టల్లో రాత్రి పదకొండు గంటలు’ అని అంశం ఇచ్చి చూస్తే తెలుస్తుంది ఎవరిలో రచయిత ఉన్నాడో. అలాంటి అంశం ఇవ్వకపోవడానికి కారణం మరపు కాదు, జవాబు ఎలా ఉంటుందోనన్న జంకు.

మూడో సమాధానం తల్లిదండ్రులది. అప్పు చేసి ఫీజు కట్టాం, కవిత్వం అన్నం పెడుతుందా అని. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కానీ వారానికి రెండు గంటల రాత వల్ల సీటు పోదు. పైగా ఈ పిల్లల్లోనే కొందరు కొన్నేళ్లకు తిరిగి ఇదే దిల్‌సుఖ్‌నగర్‌కు గ్రూప్ వన్ శిక్షణకు వస్తారు. మెయిన్స్‌లో సాధారణ వ్యాసానికే ఒక పూర్తి పేపరు ఉంది, దానికి 150 మార్కులు. అప్పుడు వ్యాసం ఎలా రాయాలో నేర్పమని మళ్లీ ఫీజు కడతారు. పదహారేళ్లకు ఉచితంగా రావలసింది పాతికేళ్లకు డబ్బు పోసి కొనుక్కోవడం ఏ లెక్కన లాభం?

విద్యార్థులకు రాయడానికి చోటు కూడా తగ్గిపోయింది. 1978లో మొదలై రెండు తరాలకు కథ అంటే ఏమిటో చెప్పిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. చందమామ అంతకు ముందే పోయింది. కాలేజీ వార్షిక సంచికలు చాలాచోట్ల ప్రిన్సిపాల్ సందేశానికి, ర్యాంకర్ల ఫొటోలకు కుదించుకుపోయాయి. నగరంలో సాహిత్య, కళా వేదికలు లేవని కాదు. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లో లామకాన్, మాదాపూర్‌లో చిత్రకళా ప్రదర్శనశాల ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దాటి తూర్పుకు వస్తే వాటితో పోల్చదగిన వేదిక కనబడదు. లక్షల జనం ఉండే ఈ వైపు సభ అంటే ఫంక్షన్ హాలు, బొమ్మ అంటే ఫ్లెక్సీ.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. వీటికి పెద్ద ఖర్చు లేదు, కావలసింది నిర్ణయం. ఇంటర్ బోర్డు భాషా పరీక్షల్లో బట్టీకి లొంగని ప్రశ్న ఒకటి తప్పనిసరి చేయాలి. విద్యార్థి తన ఊరి గురించో, తాను చూసిన సినిమా గురించో, చదివిన కథ గురించో సొంత మాటల్లో రాసి తీరాలి. దానికి చెప్పుకోదగ్గ మార్కులు ఉండాలి. మార్కులు ఉంటేనే కాలేజీలు పీరియడ్ ఇస్తాయన్న చేదునిజాన్ని ఒప్పుకుందాం. తెలుగును ఇంటర్‌లోనూ కొనసాగించే విషయంపై ప్రభుత్వం దాగుడుమూతలు మాని తేల్చి చెప్పాలి.

గ్రంథాలయాలది మరో బాధ్యత. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. నగరపాలక సంస్థలు దాన్ని వసూలు చేసి గ్రంథాలయాలకు సకాలంలో చెల్లించడం లేదన్న ఫిర్యాదు పాతదే. వనస్థలిపురంలో ఇల్లున్న ప్రతి ఒక్కరూ ఈ డబ్బు ఎక్కడికి పోతోందని అడగవచ్చు. నగరంలో గ్రంథాలయాలు పోటీ పరీక్షల అభ్యర్థులకు నీడగా మారాయి, చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమే అందుకు ఉదాహరణ. వాళ్లను లేపేయమని ఎవరూ అనరు. ఆదివారం మూడు గంటలు ఒక గదిని విద్యార్థుల రాతకు, బొమ్మలకు, చర్చకు కేటాయిస్తే చాలు. హాస్టళ్లు నెలకు ఒక ఆదివారం పిల్లల్ని వదిలితే, ఎల్.బి.నగర్‌లో ఎక్కిన మెట్రో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉన్న కోఠికీ, రవీంద్రభారతి దగ్గరున్న అసెంబ్లీ స్టేషన్‌కీ చేరుస్తుంది. ఆ రైలు 2018 సెప్టెంబరు నుంచి నడుస్తూనే ఉంది.

వీటన్నిటికంటే ముఖ్యం భద్రత. మెస్సులో సాంబారు గురించి గోడపత్రికలో నాలుగు పంక్తులు రాసిన విద్యార్థి చేతిలో టీసీ పెట్టే కాలేజీలో సాహిత్యం మొలవదు. వార్డెన్లు పిల్లల డైరీలు తెరవకూడదు. రాసినదాన్ని బట్టి శిక్ష ఉండదని ప్రతి సంస్థా రాతపూర్వకంగా చెప్పాలి. ఆపదలో ఉన్నట్టు తోచిన రాత కనబడితే ఉపాధ్యాయుడు చేయవలసింది నలుగురిలో నిలబెట్టడం కాదు, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడటం, కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్లడం.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదించి ఊరుకోలేదు. ఊరూరా వెతికి 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆయన పేరే ఇప్పుడు మన తెలుగు విశ్వవిద్యాలయానికి ఉంది. ఆ విశ్వవిద్యాలయం, సాహిత్య అకాడమీ, జిల్లా గ్రంథాలయ సంస్థ కలిసి ప్రతి ఏటా ఈ ప్రాంతపు విద్యార్థుల కథలు, కవితలు, బొమ్మలు, సినిమా విమర్శలతో ఒక సంచిక వేయాలి. రచయితలు, చిత్రకారులు పిల్లలు సభలకు రావడం లేదని వాపోవడం మాని, తామే కొత్తపేటకూ హయత్‌నగర్‌కూ వెళ్లాలి. సుప్రీంకోర్టు కళల గురించి రాసిన వాక్యం అమలైందో లేదో జిల్లా యంత్రాంగం తనిఖీ చేయాలి. వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి వీటిలో కనీసం పరీక్షలో ఆ ఒక్క ప్రశ్న, వారంలో ఆ రెండు గంటలు అమల్లోకి రావాలి. తల్లిదండ్రులు అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆ రెండు గంటలు ఏ రోజో అడగాలి. జవాబు చెప్పలేని కాలేజీకి ఫీజు కట్టకండి.